వెల, విలువ, వాతావరణం: గడ్డపోతారం పారిశ్రామిక ప్రాంతంలో కళాశాల ఎంపిక

వ్యాససంగ్రహం:
ఇంటర్మీడియట్ తరువాత పిల్లలను ఏ కళాశాలలో చేర్చాలన్న ప్రశ్న ఎదురైనప్పుడు, పేరున్న సంస్థలో సీటు రాని కుటుంబాలు అంతగా పేరులేని కళాశాలల మధ్యనే తూకం వేసుకోవలసి వస్తుంది. సంగారెడ్డి జిల్లా గడ్డపోతారం, దాని చుట్టూ ఉన్న పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం నేపథ్యంగా ఆ తూకంలోకి వచ్చే అంశాలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం. ఫీజు రీయింబర్స్‌మెంటు నిబంధనలు, ఔషధ పరిశ్రమల్లోని ఉద్యోగాల అంతస్తులు, ఆన్‌లైన్ ప్రవేశ విధానం, న్యాక్ గుర్తింపు, బస్సు దారి, వలస కుటుంబాల స్థానికత ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: కళాశాల ఎంపిక, తల్లిదండ్రులు, కళాశాల వాతావరణం, ఫీజు రీయింబర్స్‌మెంటు, దోస్త్, పటాన్‌చెరు, వలస కార్మికులు.

1. ప్రవేశిక:
గడ్డపోతారం పేరు వినగానే బయటివారికి గుర్తుకొచ్చేది ఖాజీపల్లి-గడ్డపోతారం పారిశ్రామికవాడ, అక్కడి ఔషధ పరిశ్రమలు, రసాయనాల వాసన. ఇది ఉమ్మడి మెదక్ జిల్లా జిన్నారం మండలంలోని గ్రామం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది, ఇటీవల పురపాలక సంఘంగా మారింది. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి ప్రాంతాల చెరువులు, వాగులు పరిశ్రమల వ్యర్థజలాలతో కలుషితమైన వ్యవహారం 1990లోనే సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది. పంట భూమి, చెరువు ఆధారంగా బతికిన కుటుంబాలు ఒక తరంలోనే పరిశ్రమ మీద ఆధారపడ్డాయి. ఆ పరిశ్రమల్లో పనికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చి స్థిరపడినవారు వీరికి తోడయ్యారు.

ఇదే జిల్లాలో పేరుమోసిన విద్యాసంస్థలకు కొదవ లేదు. 2008లో ఏర్పడి, తొలి ఏళ్ళలో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో నడిచిన ఐ.ఐ.టి. హైదరాబాద్ ఇప్పుడు కందిలో ఉంది. రుద్రారంలో 2009లో మొదలైన గీతం ప్రాంగణం, సదాశివపేట సమీపంలోని కంకోల్‌లో వోక్సెన్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. గడ్డపోతారానికి మరొక వైపున, మెదక్ జిల్లా నర్సాపూర్‌లో 1997 నుంచి బి.వి.రాజు ఇంజనీరింగ్ కళాశాల నడుస్తోంది. వీటిలో మొదటిది ర్యాంకు వల్ల, తరువాతి రెండూ ఫీజు వల్ల షిఫ్టు కార్మికుడి కుటుంబానికి దూరం. ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో కన్వీనర్ కోటా గాని, దానితో వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు గాని లేదు. కనుక భౌగోళిక సామీప్యం వేరు, అందుబాటు వేరు. ఈ ఎత్తైన ప్రహరీగోడల పక్కనుంచి రోజూ పనికి వెళ్ళే తల్లిదండ్రులు వాస్తవంలో ఎంచుకోవలసినది పటాన్‌చెరు, సంగారెడ్డి, నర్సాపూర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు, దుండిగల్, బాచుపల్లి, మైసమ్మగూడ వైపున్న ఇంజనీరింగ్ కళాశాలల్లో మధ్యస్థాయివి, పట్టణపు వీధుల్లో అద్దె భవనాల్లో నడిచే ప్రైవేటు డిగ్రీ కళాశాలల మధ్య నుంచి. పత్రికల ర్యాంకు పట్టికల్లో ఈ కళాశాలల పేర్లు కనిపించడం అరుదు. దేశంలో అధికసంఖ్యాక విద్యార్థులు చదివేది ఇటువంటి చోట్లనే అయినా, ఎంపిక గురించిన చర్చ అంతా మొదటి వందమందికి పనికివచ్చే సంస్థల చుట్టూ తిరగడం విచిత్రం.

2. విలువ, వాతావరణం - రెండు మాటలు:
ధరను చెప్పే ‘వెల’, యోగ్యతను చెప్పే ‘విలువ’ తెలుగులో ఒకే ధాతువుకు చెందినవి. ‘విలుచు’ అంటే కొనడం. తమిళంలో ‘విలై’ అంటే ధర. అంటే విలువ అన్న మాట అంగడిలో పుట్టింది. నీతికి పర్యాయంగా ‘విలువలు’ అని బహువచనంలో వాడడం ఆధునిక కాలపు అలవాటు. కళాశాల గురించి తల్లిదండ్రులు మాట్లాడేటప్పుడు ఈ రెండు అర్థాలూ విడివిడిగా ఉండవు. పెట్టిన డబ్బుకు తగిన చదువా అన్న ప్రశ్నలోనే, అక్కడ పిల్ల ఏ మనిషిగా తయారవుతుందన్న ప్రశ్న కలిసి ఉంటుంది.

రెండో మాట ‘వాతావరణం’. విద్యాశాస్త్ర పరిశోధకులు క్యాంపస్ సంస్కృతి అనేదాన్ని తెలంగాణ తల్లిదండ్రులు “ఆ కాలేజీ వాతావరణం ఎట్లుంటది?” అని అడుగుతారు. ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం చాలాసార్లు ఒక్కటే: “మంచిగనే స్ట్రిక్టుంటది.” హాజరు తప్పితే ఇంటికి ఫోను రావడం, సెల్‌ఫోను మీద నిషేధం, అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేర్వేరు మెట్లదారులు మంచి వాతావరణానికి గుర్తులుగా చెలామణి అవుతున్నాయి. కార్పొరేట్ జూనియర్ కళాశాలలు నాలుగు దశాబ్దాలుగా అలవాటు చేసిన కొలమానం ఇది. ఇంటర్మీడియట్‌లో ప్రవేశపరీక్ష ఒక్కటే గమ్యం కనుక అక్కడ నిర్బంధం ఫలితమిచ్చినట్లు కనిపించవచ్చు. మూడు నాలుగేళ్ళ పట్టభద్ర విద్యకు అదే గజంబద్ద పనికిరాదు. ప్రశ్న అడిగే అలవాటు, గ్రంథాలయంలో కూర్చునే అలవాటు, తోటివారితో కలిసి ఒక పని చేసే నేర్పు నిఘా కింద పెరిగేవి కావు. అయితే తల్లిదండ్రుల మాటను అజ్ఞానంగా కొట్టివేయడం కూడా సరికాదు. ‘స్ట్రిక్టు’ అన్న మాటలో వారు అడుగుతున్నది భద్రత. ర్యాగింగ్ ఉండకూడదని, పిల్ల చీకటి పడకముందే ఇల్లు చేరాలని, పాఠం జరగాలని వారి కోరిక. ఆ కోరికకు వారి దగ్గర ఉన్న పదం అదొక్కటే.

చదువు ఖర్చును ఇంటి లెక్కలో పెట్టి చూడడం కొత్త విషయం కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో అగ్నిహోత్రావధాన్లు ఇంట కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువు ఖర్చు, కూతురు సుబ్బి పెళ్ళికి రావలసిన పద్దెనిమిది వందల శుల్కం ఒకే పద్దులోకి వస్తాయి. ఒక బిడ్డ చదువు మరొక బిడ్డ జీవితంతో ముడిపడడమన్న ఈ సూత్రం నేటి పారిశ్రామిక వాడల్లోనూ రూపం మార్చుకొని కొనసాగుతోంది. అన్నకు ఇంజనీరింగ్ మేనేజ్‌మెంటు కోటా సీటు కొన్న ఇంట్లో చెల్లెలికి దగ్గరున్న డిగ్రీ కళాశాల చాలనిపిస్తుంది.

3. ఫీజు లెక్క:
ఈ తూకంలో బరువైన రాయి ఫీజు రీయింబర్స్‌మెంటు. 2008-09లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతరూపం దాల్చిన ఈ పథకం మొదటి తరం విద్యార్థులు ఇంజనీరింగ్ కళాశాల గడప తొక్కడానికి ప్రధాన కారణం. దాని నిబంధనలే కళాశాల ఎంపికను కూడా మలచాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగల విద్యార్థులకు కన్వీనర్ కోటాలో పూర్తి ఫీజు లభిస్తుంది. వెనుకబడిన తరగతుల విద్యార్థికి పదివేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. ఆ ర్యాంకు దాటితే సాధారణంగా 35,000 రూపాయలే. ప్రవేశ, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్ళకొకసారి ఒక్కో కళాశాలకు వేర్వేరుగా ఫీజు నిర్ణయిస్తుంది. కొన్ని పేరున్న కళాశాలల్లో అది ఎప్పుడో లక్ష దాటింది.

దీని పర్యవసానాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ముప్పైవేల ర్యాంకు వచ్చిన బి.సి. విద్యార్థికి 45,000 ఫీజున్న కళాశాలలోనూ, 1,10,000 ఫీజున్న కళాశాలలోనూ సీటు వచ్చే అవకాశం ఉందనుకుంటే, మొదటి చోట ఆ కుటుంబం ఏటా 10,000, రెండోచోట 75,000 భరించాలి. నాలుగేళ్ళకు తేడా 2,60,000 రూపాయలు. బస్సు రుసుము, పరీక్ష రుసుము దీనికి అదనం. అదే తరగతి గదిలో ఎనిమిదివేల ర్యాంకుతో వచ్చిన మరో బి.సి. విద్యార్థికి ఈ లెక్కే లేదు. కనుక పేరులేని కళాశాల ఎంపిక అన్నిసార్లూ రాజీ కాదు. అది ర్యాంకుకూ రాయితీకీ మధ్య ఉన్న గీత నిర్ణయించిన ఎంపిక.

గడ్డపోతారం వంటి చోట మరొక మెలిక ఉంది. బి.సి. కుటుంబాలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. నెలకు పన్నెండున్నర వేల జీతం దాటితే గ్రామీణ పరిమితి దాటినట్లే. జీతపు చీటీ, భవిష్యనిధి ఖాతా ఉన్న పర్మనెంటు కార్మికుడి ఆదాయం కాగితం మీద కనిపిస్తుంది. కాంట్రాక్టరు చేతిమీదుగా నగదు తీసుకునే హెల్పరు ఆదాయం కనిపించదు. ఫలితంగా సాపేక్షంగా స్థిరమైన ఉద్యోగం ఉన్న కుటుంబమే రాయితీకి దూరమై, తక్కువ ఫీజున్న కళాశాలను వెతుక్కునే పరిస్థితి రావచ్చు. పథకం ఎవరికోసం పుట్టిందో వారిలోనే ఒక భాగాన్ని ఆదాయ పరిమితి బయట ఉంచుతోంది. ఏళ్ళుగా పెరగని ఈ పరిమితి మీద ఇంకా తగినంత పరిశోధన జరగలేదని చెప్పక తప్పదు.

బకాయిల సంగతి మరొకటి. ప్రభుత్వం నుంచి సొమ్ము రాక ఆలస్యమైనప్పుడు యాజమాన్యాలు కళాశాలలు మూసి నిరసన తెలిపిన సందర్భం 2025 నవంబరులోనూ చూశాం. బకాయి భారం చివరకు ధ్రువపత్రం మీద పడుతుంది. చదువు పూర్తయినా ఒరిజినల్స్ చేతికి రాని విద్యార్థి ఉద్యోగానికి వెళ్ళలేడు. అసలు ధ్రువపత్రాలను కళాశాలలు తమ దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో స్పష్టం చేసింది. ఒక కళాశాల సీనియర్లకు ధ్రువపత్రాలు సకాలంలో ఇచ్చిందా లేదా అన్నది ఆ సంస్థ సంస్కృతికి ఏ ర్యాంకు పట్టికా చూపని గీటురాయి.

4. గేటు లోపలి నుంచి చూసిన చదువు:
కళాశాల పేరు ఉద్యోగాన్ని ఎంతవరకు నిర్ణయిస్తుందన్న ప్రశ్నకు ప్రపంచంలో ప్రసిద్ధమైన ఒక సమాధానం స్టేసీ డేల్, అలన్ క్రూగర్‌లు 2002లో ప్రచురించిన పరిశోధన. అమెరికాలో దాదాపు ఒకే స్థాయి ప్రతిభ, ఒకేరకమైన దరఖాస్తులు ఉన్న విద్యార్థుల్లో అధిక పోటీ ఉన్న కళాశాలకు వెళ్ళినవారికీ, తక్కువ పోటీ ఉన్న కళాశాలకు వెళ్ళినవారికీ తరువాతి సంపాదనలో సగటున చెప్పుకోదగ్గ తేడా వారికి కనిపించలేదు. కాని ఆ సగటులో ఒక మినహాయింపు ఉంది. తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి వచ్చినవారికి మాత్రం కళాశాల ఎంపిక వల్ల లాభం కలిగింది. కళాశాల ఏదైనా పరవాలేదన్న మాట, ఇంట్లో దారి చూపే పెద్దలున్నవారికి వర్తించినంతగా మొదటితరం విద్యార్థికి వర్తించదని దీని అంతరార్థం. ఇంటి దగ్గర లేని పరిచయాలను, మాటతీరును, సమాచారాన్ని ఆ విద్యార్థికి కళాశాలే సమకూర్చాలి. అమెరికా ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేకపోయినా ప్రశ్నను ఎక్కడ పెట్టాలో అది చెబుతుంది.

గడ్డపోతారం తల్లిదండ్రులకు ఒక వెసులుబాటు ఉంది. చదువు ఉద్యోగంగా ఎలా మారుతుందో వారు రోజూ కళ్ళారా చూస్తారు. ఔషధ పరిశ్రమలో అంతస్తులు స్పష్టం. డ్రమ్ములు దొర్లించే, రియాక్టరులో ముడిసరుకు వేసే హెల్పరుకు చదువుతో పనిలేదు. ఐ.టి.ఐ. చదివినవారు ఫిట్టరు, బాయిలరు పనుల్లోకి వెళ్తారు. బి.ఎస్సీ. రసాయనశాస్త్రం చదివినవారు ప్రొడక్షన్‌లో కెమిస్టులుగానో, క్వాలిటీ కంట్రోల్ ప్రయోగశాలలోనో కుదురుకుంటారు. ఎం.ఎస్సీ. ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫార్మసీ చదివినవారిది పై మెట్టు. ఈ అంతస్తుల మధ్య తేడా జీతంలోనే లేదు, ప్రమాదంతో ఉన్న దూరంలో కూడా ఉంది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ పరిశ్రమలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా మరణించారు. మృతుల్లో ఇతర రాష్ట్రాల వలస కార్మికులు ఎక్కువ. ఇటువంటి చోట పిల్లవాణ్ణి చదివించడమంటే అతణ్ణి రియాక్టరుకు దూరంగా నిలబెట్టే ప్రయత్నమని వేరే చెప్పనక్కరలేదు. ఆ పేలుడు మాత్రం హెల్పరునూ చదువుకున్న ఉద్యోగినీ వేరుచేసి చూడలేదు.

ఈ దృష్టితో చూస్తే పేరులేని ప్రభుత్వ డిగ్రీ కళాశాల విలువ మారిపోతుంది. అక్కడ గ్యాస్ కనెక్షను, రసాయనాలు, పనిచేసే త్రాసులు ఉన్న ప్రయోగశాల ఉండి, వారం వారం ప్రాక్టికల్స్ నిజంగా జరిగితే, ఆ విద్యార్థి ఇంటర్వ్యూలో టైట్రేషన్ గురించి నోటితో కాక చేతితో చెప్పగలడు. పరీక్ష ముందు రెండు రోజులు మాత్రమే ప్రయోగశాల తెరిచే ప్రైవేటు కళాశాల గోడల మీద ఎన్ని ఫ్లెక్సీలు కట్టినా ఈ లోటు పూడదు. ప్రభుత్వ కళాశాలల్లో ఖాళీ పోస్టుల సమస్య ఉన్నమాట నిజం. అయినా ఉన్న అధ్యాపకుడు సర్వీసు కమిషన్ ద్వారా ఎంపికైనవాడు, బదిలీ అయ్యేదాకా అక్కడే ఉంటాడు. ప్రైవేటు సంస్థలో మొదటి సంవత్సరం పాఠం చెప్పినవారు మూడో సంవత్సరానికి కనిపించకపోవడం సర్వసాధారణం. కళాశాల సంస్కృతిని మోసేది భవనం కాదు, నిలిచి ఉండే అధ్యాపకుడు. తల్లిదండ్రులు ఒకే ఒక ప్రశ్న అడగదలచుకుంటే, “ఈ సబ్జెక్టు సారు ఎన్నేండ్ల నుంచి ఇక్కడున్నరు?” అన్నది అడగదగినది.

5. చూడకుండా ఎంచుకోవడం:
ఆ ప్రశ్న అడిగే సందర్భమే తగ్గిపోయింది. 2016లో డిగ్రీ ప్రవేశాలకు ‘దోస్త్’ వచ్చాక దరఖాస్తు కోసం కళాశాల కళాశాలా తిరిగే శ్రమ పోయింది. డొనేషన్లు, సిఫారసులు కొంతవరకు అదుపులోకి వచ్చాయి. విద్యార్థి ఇంటి దగ్గర్నుంచే ఎన్ని కళాశాలలనైనా కోరుకోవచ్చు. ఇది మేలైన సంస్కరణే. కాని దరఖాస్తు కోసం తిరిగినప్పుడు తండ్రి కంటబడే విషయాలు, అంటే తరగతి గదిలో బల్లలు, నీళ్ళ ట్యాంకు, గ్రంథాలయం తలుపుకు వేసిన తాళం, వరండాలో పిల్లల మాటతీరు, ఇప్పుడు సీటు ఖరారయ్యాకగాని కనబడవు. వెబ్ ఆప్షన్లు ఇచ్చేది చాలా కుటుంబాల్లో తండ్రి కాదు, విద్యార్థి కూడా కాదు, మీసేవ కేంద్రంలోనో నెట్ సెంటరులోనో కూర్చున్న ఆపరేటరు. అతనికి కళాశాల ఒక కోడు.

ఈ ఖాళీలోకి పి.ఆర్.ఓ.లు వచ్చారు. ఏప్రిల్, మే నెలల్లో ఇంటర్ విద్యార్థుల ఫోను నంబర్లతో ఇంటింటికీ వచ్చి, ఉచిత బస్సు, ల్యాప్‌టాపు, రికార్డులు తామే రాయిస్తామన్న హామీ ఇస్తారు. కొన్ని సంస్థల్లో ఈ బాధ్యత అధ్యాపకుల మీదనే పడుతుంది. ఇన్ని ప్రవేశాలు తెస్తేనే వేసవి జీతం. ఈ పత్రిక పాఠకుల్లో చాలామందికి ఇది తెలియని సంగతి కాదు. నాణ్యత గురించి అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియని అంగడిలో మంచి సరుకు వెనక్కు తగ్గి, నాసి సరుకు నిలుస్తుందని జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో నిరూపించాడు. డిగ్రీ సీట్లు పెద్దసంఖ్యలో మిగిలిపోతున్న తెలంగాణలో ఆ వాదన అక్షరాలా కనిపిస్తుంది. అయితే ఇక్కడ తల్లిదండ్రులకు ఒక ఆధారం అనుకోకుండా దొరుకుతుంది. ఎర్రటెండలో ఇంటి గుమ్మంలో నిలబడిన అధ్యాపకుణ్ణి చూస్తే, ఆ సంస్థ తన అధ్యాపకులను ఎలా చూస్తుందో తెలిసిపోతుంది.

అధికారికమైన ఆధారం న్యాక్ గుర్తింపు. 1994లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన ఈ సంస్థ ఏడు ప్రమాణాల మీద కళాశాలలను తూచి శ్రేణి ఇస్తోంది. 2025 ఫిబ్రవరిలో లంచం ఆరోపణల మీద తనిఖీ బృంద సభ్యులను సి.బి.ఐ. అరెస్టు చేశాక ఆ అక్షరం మీద నమ్మకం సన్నగిల్లిన మాట వాస్తవం. ప్రయోజనం నిజానికి శ్రేణిలో కంటె నివేదికలో ఉంది. కళాశాలల స్వయం అధ్యయన నివేదికల్లో అధ్యాపకుల సంఖ్య, వారి అనుభవం, ఉత్తీర్ణత, పై చదువులకు వెళ్ళినవారి వివరాలు ఉంటాయి. అవన్నీ ఇంగ్లీషులో, వందల పుటల్లో ఉండడంతో తల్లిదండ్రులు చదవరు. వాటిని రెండు పుటల తెలుగులోకి తేవడం ఏ తెలుగు శాఖకైనా సాధ్యమైన పని, ఇప్పటివరకు ఎవరి బాధ్యతా కాలేదు.

6. బస్సు దారి:
అమ్మాయిల విషయంలో తూకం మరో త్రాసులో జరుగుతుంది. ఎన్ని బస్సులు మారాలి, చివరి బస్సు ఎప్పుడు, దిగిన చోటు నుంచి ఎంత నడవాలి అన్నవి కోర్సు కంటె ముందు వస్తాయి. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో ఆర్.టి.సి. బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. కళాశాల బస్సు రుసుము కట్టలేక దగ్గరున్నదానితో సరిపెట్టుకునే అమ్మాయికి సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రభుత్వ కళాశాలలు ఆ మేరకు దగ్గరయ్యాయి. పారిశ్రామికవాడల లోపలికి బస్సులు తక్కువ కావడం వల్ల షేర్ ఆటో ఖర్చు, దానితోపాటు భయం మిగిలే ఉన్నాయి. మునిపల్లి మండలం బుదేరాలోని సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాల ఈ ప్రయాణపు సమస్యనే తీసివేసిన నమూనా. ఒకే గదిలో కాపురముండే ఇళ్ళకు హాస్టలు గది, చదువుకునే బల్ల, రాత్రి వెలుతురు కళాశాల సంస్కృతిలో మొదటి మెట్టు.

7. వలస కుటుంబాలు:
తూకంలో కనిపించని బరువు స్థానికత. ప్రవేశపరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివిన పిల్లలకు స్థానిక హోదా దొరుకుతుంది. గడ్డపోతారం బడిలో తెలుగు నేర్చుకున్న ఒడియా కార్మికుడి కూతురు ఆ విధంగా సీటుకు అర్హురాలే. రాయితీ దగ్గర మాత్రం కథ మారుతుంది. తెనాలిలో పుట్టి తండ్రి ఉద్యోగరీత్యా తొమ్మిదో ఏట బొంబాయి వెళ్ళిన ఒక తెలుగు విద్యార్థి ఆంధ్రప్రదేశ్‌లో తనకున్న షెడ్యూల్డ్ తెగ హోదాతో అక్కడి వైద్య కళాశాలలో సీటు కోరినప్పుడు, ఒక రాష్ట్రపు హోదా మరో రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు నాడు వలస వెళ్ళిన తెలుగు కుటుంబానికి తగిలింది. నేడు అదే సూత్రం తెలుగు నేలకు వలస వచ్చినవారికి వర్తిస్తోంది. ఒడిశాలో షెడ్యూల్డ్ కులానికి చెందిన కుటుంబం ఇక్కడి కుల ధ్రువపత్రం పొందలేదు, ఇక్కడి ఫీజు రీయింబర్స్‌మెంటు పొందలేదు.

అటువంటి కుటుంబానికి మిగిలేది నామమాత్రపు ఫీజుతో నడిచే ప్రభుత్వ డిగ్రీ కళాశాల. అక్కడ ద్వితీయభాషగా తెలుగు తీసుకున్న ఒడియా, హిందీ మాతృభాషల విద్యార్థులు కనిపించడం ఈ ప్రాంతపు తెలుగు అధ్యాపకులకు కొత్త కాదు. తెలుగు మాతృభాషగా గలవారు మార్కుల కోసం సంస్కృతం ఎంచుకుంటున్న కాలంలో, గద్యభాగాన్ని గుణింతాలు కూడబలుక్కుంటూ చదివే ఈ విద్యార్థులకు ఎలా బోధించాలన్న విషయం పాఠ్యప్రణాళికల్లో ఇంకా చేరలేదు. వారి తల్లిదండ్రులు కళాశాలకు వచ్చినప్పుడు మాట్లాడేది చాలావరకు హిందీ. ప్రవేశ పత్రం మీద సంతకం చేయవలసిన చోటును చూపించేది ఆ అమ్మాయే.